నిండని సంచి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బొడ్డుతాడులోని రక్తాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. బిడ్డ బయటపడగానే బొడ్డు కోసేవాళ్ళం. మాయ పడ్డాక, ముక్కలేవీ లోపల మిగలకుండా పూర్తిగా వచ్చిందో లేదో తిప్పి చూసి బకెట్లో వేసేవాళ్ళం. ఆయా ఆ బకెట్ పట్టుకుపోయేది. అందులో ఎంత రక్తం ఉండిపోయిందో, అది దేనికైనా పనికొస్తుందో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అలాంటి రక్తం కోసం ఒక కుటుంబం నెలల తరబడి ఎదురుచూడటం నా సర్వీసు చివరి రోజుల్లో చూశాను. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివే మీలో కొందరు ఇప్పుడిప్పుడే లేబర్ రూముల్లో డ్యూటీలు మొదలుపెట్టి ఉంటారు. ఇందులో నేర్చుకోవడానికి ఏమైనా ఉందో లేదో నాకు తెలియదు. నేనైతే ఇవాళ్టికీ దీన్ని పూర్తిగా అర్థం చేసుకోలేదు.

ప్రసూతి దవాఖానకు రాకముందు నేను వరంగల్‌లోనే పిల్లల వార్డులో ఉండేదాన్ని. తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే గది నా చేతి కింద ఉండేది. ఆ పిల్లల ఒంట్లో సరైన రక్తం తయారు కాదు. బయటి నుంచి ఎక్కిస్తేనే బతుకుతారు. ఎక్కించింది కొన్ని వారాలకే అయిపోతుంది, మళ్ళీ వాడిపోతారు, మళ్ళీ వస్తారు. పోగా పోగా, ఆ ఎక్కించిన రక్తంలోని ఇనుమే గుండెలో, కాలేయంలో పేరుకుని వాళ్ళను దెబ్బతీస్తుంది. అందుకు వేరే మందులు. ఇదంతా ఆ పిల్లలకు బడి లాంటిదే. ఒకరినొకరు ఎరుగుదురు, ఎవరి మంచం ఏదో వాళ్ళే చెప్పేసేవారు.

ఆ గదిలో ఒక పిల్ల ఉండేది. కొత్తవాడలో జంపఖానాలు నేసే వాళ్ళమ్మాయి. తండ్రి మగ్గం మీద కూర్చుంటాడు, తల్లి నూలు కండెలు చుడుతుంది. నడక కూడా సరిగా రాని వయసులో ఎత్తుకొచ్చారు. ఏడేళ్ళు వచ్చేసరికి ఆ గదిలో పెత్తనం దానిదే. ఏ చేతికి సూది గుచ్చాలో అదే చెప్పేది. కొత్త సిస్టర్ వస్తే, "నువ్వు వద్దు, నీకు నరం దొర్కది, పెద్ద సిస్టర్‌ను పిలువు" అనేది. పెద్ద సిస్టర్ అంటే నేనే.

రక్తం సంచి తగిలించగానే ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల ఎవల రక్తం?"

దాతల పేర్లు మాకు తెలియవు, తెలిసినా చెప్పకూడదు. నేనేదో ఒకటి కల్పించేదాన్ని.

"బస్సు కండక్టర్‌ది."

"అయితే నేను ఇయ్యాలంత రైట్ రైట్ అంట." అన్నట్టే సాయంత్రం దాకా పక్క మంచాల వాళ్ళందరికీ టికెట్లు కొట్టేది.

"పోలీసాయనది" అంటే నా సూదుల ట్రేను అరెస్టు చేసేది. "వంటలాయనది" అంటే ఆ పూట వార్డులో పెట్టిన పప్పుకు వంకలు పెట్టేది. తల్లి పక్కనే స్టూలు మీద కూర్చుని నవ్వేది. నవ్వుతూనే ఆమె వేళ్ళు ఒడిలో కదులుతుండేవి. ఖాళీగా కూర్చుంటే కూడా నూలు చుడుతున్నట్టే ఉండేవి ఆ చేతులు.

తర్వాత నాకు ప్రసూతి దవాఖానకు బదిలీ అయింది. వెళ్ళే రోజు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడాది తిరిగిందేమో. ఒక ఉదయం ఓపీలో గర్భిణుల వరుసలోంచి ఎవరో నా చేయి పట్టుకున్నారు. చూస్తే ఆ తల్లి. కడుపు అప్పుడప్పుడే కనిపిస్తోంది.

"గుర్తువట్టిన్రా సిస్టరమ్మా?"

"నిన్ను మర్చిపోతానా? పెద్దది ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. జర ఇటు రాన్రి, మీకొక ముచ్చట చెప్పాలె."

వరండా చివరకు తీసుకుపోయి చెప్పింది. పిల్లల డాక్టరు వాళ్ళను హైదరాబాద్‌కు పంపారట. అక్కడ ఎముకల్లోని మూలుగ మార్పిడి చేసే దవాఖాన ఒకటి ఉంది. పెద్ద పిల్లకు తోబుట్టువు ఎవరైనా ఉండి, ఇద్దరి రక్తం గుణం కలిస్తే ఆ జబ్బు పూర్తిగా నయం చేసే దారి ఉందని చెప్పారట. ఆ తోబుట్టువు పుట్టేటప్పుడు బొడ్డుతాడులో మిగిలే రక్తమే అందుకు పనికొస్తుందట. తోబుట్టువుల్లో కూడా నలుగురిలో ఒకరికే కలిసే అవకాశం. అందులోనూ పుట్టేవాళ్ళకు ఇదే జబ్బు ఉండకూడదు. కడుపు నిలిచిన కొత్తలోనే పరీక్ష చేయించారు.

"జబ్బు లేదన్నరు సిస్టరమ్మా. పెద్దదానికి కలిసిందన్నరు. రెండూ అయినయి."

అంత అదృష్టం ఎప్పుడూ చూడని మనిషి, దాన్ని గట్టిగా చెప్పడానికి కూడా భయపడుతున్నట్టుగా చెప్పింది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలుంటాయి. ఒంట్లోని రక్తమంతా పుట్టేది అలాంటి కణాల నుంచే. జబ్బుపడ్డ పిల్ల మూలుగను మందులతో ఖాళీ చేసి, వీటిని ఎక్కిస్తే, అవి లోపల కుదురుకుని కొత్త రక్తం తయారు చేయడం మొదలుపెడతాయి. కుదురుకుంటేనే సుమా. ఒక్కోసారి కుదురుకోవు. బొడ్డు రక్తం దాచిపెడతామంటూ కొన్ని కంపెనీల వాళ్ళు రంగురంగుల కాగితాలతో డాక్టర్ల గదుల ముందు తిరుగుతుండేవారు. ఏ జబ్బూ లేని ఇళ్ళ వాళ్ళకు రేపటి భయం చూపించి అమ్మేవారు. మా మేడం వాళ్ళను గుమ్మం దాటనిచ్చేది కాదు. కానీ ఈ తల్లిది వేరే సంగతి. జబ్బు కళ్ళముందు ఉంది, మందు కడుపులో ఉంది.

మేడం అన్నాను కదా, ఆవిడ మా యూనిట్ పెద్ద డాక్టరు. ఆవిడ చెప్పుల చప్పుడు కారిడార్లో వినిపిస్తే పీజీ చదివే కుర్ర డాక్టర్లు చేతిలోని టీ కప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీల్లో పెట్టేవారు. మాట కరకు, చేయి మెత్తన. నేను సంగతి చెప్పగానే, "నేనెప్పుడూ చేయలేదు సిస్టర్. నేర్చుకుందాం" అంది. అంత సీనియర్ డాక్టరు ఆ మాట అనడం నాకు నచ్చింది.

హైదరాబాద్ వాళ్ళు ఫోనులో చెప్పారు. మేడం, నేను, ఒక పీజీ డాక్టరు, ముగ్గురం సాధన చేశాం. ఆ పీజీ ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఉత్సాహం ఎక్కువ, చేతులు కొంచెం తొందర. కాన్పయిన తల్లులను అడిగి, పారేయబోయే మాయల మీద ప్రయత్నించేవాళ్ళం. "పారేసేదే గదా, తీసుకోన్రి" అనేవారు వాళ్ళు. బొడ్డు కోసిన వెంటనే, తాడులోని నరంలోకి సూది పెట్టి, సంచిని కిందికి దించితే రక్తం దానంతట అదే జారుతుంది. వినడానికి తేలిక. మొదటిసారి సూది జారి రక్తమంతా మేడం చెప్పుల మీద పడింది. పీజీ ముఖంలో నెత్తురు లేదు. మేడం కాళ్ళవైపు చూసుకుని, "మంచిగుంది. సంచి కింద పెట్టు, నా కాళ్ళు కాదు" అంది. మేం నవ్వొచ్చో నవ్వకూడదో తెలియక ఆగి, ఆవిడ నవ్వాక నవ్వాం. పోగా పోగా చేయి తిరిగింది. సంచి చక్కగా నిండేది.

ఒక మాట మేడం అప్పుడే చెప్పింది. "బొడ్డు ఎంత తొందరగా కోస్తే సంచిలోకి అంత ఎక్కువ వస్తుంది. ఆగి కోస్తే అది బిడ్డలోకి పోతుంది. నెలలు నిండి, గట్టిగా ఉన్న బిడ్డైతే తొందరగా కోసినా ఓర్చుకుంటుంది. అట్లాంటి బిడ్డనే పుట్టాలని కోరుకుందాం."

హైదరాబాద్ వాళ్ళు రక్తం పట్టే సరంజామా ఉన్న పెట్టెను ఆ తల్లికే ఇచ్చారు. దాన్ని ఇంట్లో బీరువా మీద పెట్టుకున్నారు. దానికి కాపలా పెద్ద పిల్ల. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా అటు చెయ్యి చాపితే, "గది నా పెట్టె, ముట్టకున్రి" అనేదట. చెకప్‌కు తల్లితో అదీ వచ్చేది. నామీద అలక మరిచిపోయింది. తల్లి కడుపుకు చెవి ఆనించి, లోపలున్న దానికి ఊళ్ళో ముచ్చట్లన్నీ చెప్పేది. "తొందరగ రా, కానీ ఉరుకకు" అని ఒకసారి అంటుంటే విన్నాను.

ఉరికే వచ్చింది.

నెలలు నిండటానికి ఇంకా గడువుంది. ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయి అన్నం డబ్బా తెరవబోతుంటే గేటు దగ్గర కేకలు. ఆటోలోంచి ఆ తల్లిని దించుతున్నారు. చీర కింది సగమంతా తడిసి ఉంది. మాయ ముందే వదిలి రక్తం పోతోంది. భర్త ఒక చేత్తో ఆమె తలను పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె చెప్పులు పట్టుకుని ఉన్నాడు. వాటిని ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

స్ట్రెచర్ మీద ఆమె నా చేయి అందుకుంది. "పెట్టె. ఇంట్ల ఉన్నది సిస్టరమ్మా. పెట్టె మర్శినం."

నేను భర్తవైపు చూశాను. ఆయన చెప్పులు అక్కడే పడేసి, ఎవరిదో బండి మీద కొత్తవాడకు పరుగెత్తాడు.

మేడం వచ్చి చేయి పెట్టి చూసింది. బిడ్డ గుండె చప్పుడు విన్నది. "థియేటర్. ఇప్పుడే" అంది. నేను పెట్టె సంగతి చెప్పాను. "వస్తే వస్తుంది. దానికోసం ఆగను" అంది. తల్లి ఆ మాట విన్నది. థియేటర్ తలుపుల దాకా అదే అంటోంది, "జర ఆగున్రి మేడం, ఆయన వస్తాండు, జర ఆగున్రి." తర్వాత మత్తు మందు ఆమె మాటను మింగేసింది.

ఆయన సమయానికే వచ్చాడు. నేను చేతులు కడుక్కుంటుంటే ఆయా పెట్టెను తలుపు సందులోంచి అందించింది. దాన్ని తెరిచి సంచిని సిద్ధం చేస్తున్నప్పుడు నాకు నిజంగా ఆశ కలిగింది. ఇక అంతా సరిగ్గా జరుగుతుందనుకున్నాను.

బిడ్డ బయటికి వచ్చింది. ఆడపిల్ల. చిన్నది. ఎర్రగా ఉండాల్సిన బిడ్డ నూలు కండెలా తెల్లగా ఉంది. ఒకసారి పిల్లికూనలా మూలిగింది, తర్వాత ఆగి ఆగి ఊపిరి తీస్తోంది. తల్లితోపాటు దాని రక్తం కూడా పోయింది లోపల.

పీజీ చేతిలో క్లాంపులు ఉన్నాయి. నేను సూది పట్టుకుని ఉన్నాను. ఇన్ని రోజులు సాధన చేసిన పని అదే.

"కోయకున్రి" అంది మేడం.

బిడ్డను కిందికి దించి పట్టుకుంది. రెండు వేళ్ళతో బొడ్డుతాడును మాయ వైపు నుంచి బిడ్డ వైపుకు మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది. లోపలున్న రక్తాన్ని బిడ్డలోకి పంపుతోంది.

"మేడం, సంచి" అన్నాడు పీజీ.

ఆవిడ వేళ్ళు ఆగలేదు.

"మేడం, బొడ్డు కోసి, బిడ్డకు బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పించి ఎక్కించొచ్చు గదా. ఇది పోతే ఇగ రాదు."

"అది వచ్చేదాకా ఈ పిల్ల ఆగుతదా? చూసి చెప్పు."

అతను బిడ్డను చూశాడు. క్లాంపులు కిందికి దించాడు.

"ఈ రక్తం ముందు ఈ పిల్లది" అంది మేడం. ఆ మాట మాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో.

నేను చూస్తుండగానే బిడ్డ పెదవులకు రంగు వచ్చింది. తర్వాత ఒళ్ళంతా. చేతులు ముడుచుకుని ఏడ్చింది. మేడం అప్పుడు తల ఊపింది. పీజీ బొడ్డు కోశాడు. పిల్లల డాక్టరు బిడ్డను అందుకుని వెళ్ళిపోయారు. తాడు మా చేతుల్లో చదునుగా, తెల్లగా, ఖాళీగా మిగిలింది.

అయినా సూది పెట్టాను. కొంచెం వచ్చింది. పీజీ మాయను రెండు చేతుల్లో పట్టుకుని పిండుతూనే ఉన్నాడు. మాస్కు పైన అతని కళ్ళు నిండి ఉన్నాయి. "చాలు నాయనా" అన్నాను. ఆగలేదు. మేడం తల్లి కడుపు కుట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "ఇచ్చేయ్. వచ్చింది పంపిద్దాం" అంది.

బయట భర్తతో మేడమే మాట్లాడింది. ఆ పని మాలో ఎవరికీ వదిలిపెట్టలేదు. "నీ భార్య బాగుంది. బిడ్డ పానం పోయేటట్టు ఉండె. ఆ రక్తం బిడ్డకే పోనిచ్చిన. సంచి నిండలే."

ఆయన సంచిని చూశాడు. అడుగున కాస్త ఎర్రగా ఉంది. "ఇది సరిపోదా మేడం?"

"హైదరాబాద్ వాళ్ళు చూసి చెప్పాలి."

"తీస్కపోత" అన్నాడాయన. బిడ్డను ఒక్కసారి చూసి, పెట్టెను రైల్లో ఒడిలో పెట్టుకుని వెళ్ళాడు. దారిలో టీ తాగడానికి కూడా దాన్ని కింద పెట్టలేదని తర్వాత చెప్పాడు.

చిన్నది కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంది. పెద్దది చూడటానికి వచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి నేను ఎత్తుకుని అద్దంలోంచి చూపించాను. చాలాసేపు చూసింది.

"గిది నాకోసం పుట్టిందట గదా?"

ఊ అన్నాను.

"దానికి ఎర్కేనా?"

నేను దాన్ని కిందికి దించాను. నా చేతులు నొప్పి పుట్టాయని చెప్పాను. అది నిజమే అనుకుంది పాపం, నా మోచేతులు నొక్కింది.

హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది. మేము భయపడ్డట్టే, ఆ పిల్ల బరువుకు అందులోని కణాలు చాలవు. పారేయరు, అతి చల్లటి పెట్టెల్లో దాచిపెడతారు. చిన్నది పెరిగి కాస్త బరువెక్కాక, దాని మూలుగ కొంచెం తీసి, ఈ రక్తంతో కలిపి మార్పిడి చేయొచ్చు. అంటే ఇంకో ఏడాదైనా ఆగాలి. మేడం ఈ మాట తల్లికి చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తల్లి మంచం మీద కూర్చుని వింది. "ఆగుతం మేడం. ఇన్నేండ్లు ఆగినం" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిష్ఠూరం ఉంటే మాకు తేలికయ్యేది.

పీజీ కొన్ని రోజులు మేడంతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఒకసారి డ్యూటీ రూములో నాతో అన్నాడు, "సిస్టర్, నేను మేడంను తప్పు అంటలేను. ఆ రోజు ఎమర్జెన్సీ రక్తం మన దగ్గరే రెడీగ ఉంటే రెండు పనులూ అయ్యేటివి గదా. అదే మనసుల నుంచి పోతలేదు." ఇద్దరం కూర్చుని చల్లారిన టీ తాగాం.

ఆ ఏడు వానలు ముసురుపట్టి వదల్లేదు. ఊరంతా జ్వరాలు. కొత్తవాడలో ఇంటికొకరు పడ్డారు. పెద్ద పిల్లకూ జ్వరం వచ్చింది. మామూలు పిల్లలకు వారంలో తగ్గే జ్వరమే. దాని గుండె, కాలేయం అప్పటికే అలసిపోయి ఉన్నాయి. పిల్లల వార్డులో చేర్చారని తెలిసి నేను డ్యూటీ దిగి వెళ్ళాను.

నా పాత గది పక్కనే ఉంది అది. మంచం మీద పిల్ల ఉన్నదానికంటే చిన్నగా కనిపించింది. ముక్కుకు ఆక్సిజన్. రక్తం ఎక్కుతోంది. తల్లి ఒక పక్క, చంకలో చిన్నది. తండ్రి కాళ్ళ దగ్గర. పెద్దది నన్ను చూసింది కానీ ఏమీ అడగలేదు. నేనే వంగి చెప్పాను.

"ఇయ్యాల టీచరమ్మ రక్తం, బిడ్డా."

సన్నగా అంది. "అయితే సప్పుడు చేయకున్రి."

కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నేను డ్యూటీలో ఉండగా ఫోను వచ్చింది.

మేడంకు చెప్పాను. ఆవిడ ఓపీని పీజీకి అప్పగించి నాతో వచ్చింది. మేం వెళ్ళేసరికి పిల్లను తెల్లటి బట్టలో చుట్టి ఉంచారు. తండ్రి లేచి నిలబడి మేడంకు రెండు చేతులూ జోడించాడు. అలవాటు కొద్దీ చేశాడు. పెద్ద డాక్టరు ఎదురైతే వాళ్ళు చేసే పని అది. మేడం ఆ చేతులు చూసి తట్టుకోలేకపోయింది. ఆయన చేతుల మీద తన చేయి పెట్టి వెనక్కి తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో సుబేదారి దాటాం. అప్పుడు మేడం అంది. "ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్త సిస్టర్. కానీ ఆ తల్లిని ఒక్క మాట అడగకుండ చేసిన. వాళ్ళ పిల్లలు, వాళ్ళ రక్తం. నేను ఎవరిని?"

"ఆమె మత్తులో ఉన్నది మేడం."

"మత్తులో లేకపోయినా అడుగుదునో లేదో నాకు తెలియదు" అంది.

ఆ సంచిని ఏం చేయమంటారని హైదరాబాద్ వాళ్ళు అడిగితే, తండ్రి వేరే పిల్లల కోసం ఈ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇచ్చేయమన్నాడట. మాకు ఆ తర్వాత తెలిసింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. కొత్తవాడలో కొందరు, చిన్నది పుట్టి అక్కను మింగిందని అంటున్నారట. నాయనమ్మ చిన్నదాన్ని ఎత్తుకోవడం లేదట. పనిచేసే చోట మనం చూసేది ఒక్కపూట. ఆ పూట తర్వాతి బతుకంతా వాళ్ళు ఇళ్ళల్లో బతుకుతారు.

చలికాలంలో తల్లి చిన్నదాన్ని టీకాకు తీసుకొచ్చింది. నేను దూరం నుంచే చూశాను. నిజం చెప్పాలంటే ఆమె దగ్గరికి వెళ్ళడానికి జంకాను. ఆమే నన్ను చూసి బెంచీ మీద చోటిచ్చింది. చిక్కిపోయింది. చిన్నది మాత్రం గుండ్రంగా ఉంది. నా కళ్ళద్దాల కోసం చేయి చాపింది.

కాసేపు వేరే మాటలయ్యాయి. మగ్గం సంగతి, చలి సంగతి. తర్వాత ఆమె నావైపు చూడకుండా అడిగింది.

"ఆ దినం సంచి నిండితే మా పెద్దది బతుకునా సిస్టరమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దానికి రకరకాల జవాబులు అనుకుని పెట్టుకున్నాను. సంచి నిండినా మార్పిడి కుదరకపోవచ్చు, ఆ గదుల్లో కూడా పిల్లలు పోతారు, అని. అవన్నీ నిజాలే. కానీ వానలు రాకముందే మార్పిడి అయిపోయి, పిల్ల లేచి తిరిగే అవకాశం ఉండేదన్నదీ నిజమే.

"నాకు ఎర్క లేదు బిడ్డా" అన్నాను. "బతుకుతుండెనేమో. లేకపోతే లేదేమో. ఎవలూ చెప్పలేరు."

ఆమె తల ఊపింది. అబద్ధం చెప్పనందుకు ఊపిందనిపించింది.

"మేడం మస్తు ఫికర్ పెట్టుకున్నదట గదా. పీజీ సారు చెప్పిండు. నన్ను అడగలేదని."

"అవును" అన్నాను. అతనికి చెప్పింది నేనే.

"అడగకపోవుడే మంచిగైంది సిస్టరమ్మా." చిన్నది ఆమె మంగళసూత్రాలు లాగుతోంది. ఆమె దాని వేళ్ళు విప్పుతూ మెల్లగా అంది. "అడిగితే నేను పెద్దదాన్నే అందును. సంచి నింపున్రి అందును. దీన్ని నేను ఇంక సూడలే గదా. సూడని పిల్ల. పెద్దదాన్ని ఎనిమిదేండ్లు సాదుకున్న. ఎట్ల అనకుండ ఉందును?"

నేను చిన్నదాని కాళ్ళ మీది గుడ్డ సర్దాను.

"అని ఉంటే ఇయ్యాల దీని మొఖం ఎట్ల సూస్తును? నాతోని ఆ మాట అనిపియ్యలే మేడం. మీరు చెప్పున్రి ఆమెకు. నాకు ఎదురుంగ చెప్పరాదు."

లోపల నుంచి పిలిచారు. సూది పడగానే చిన్నది గుక్కపట్టి ఏడ్చింది. తల్లి బయటికొచ్చి ఆ బెంచీ మీదే కూర్చుని పైట చాటున పాలు పట్టింది. వరుసలోని వాళ్ళు తోసుకుంటుంటే నేను ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. పిల్ల తాగుతూ తాగుతూ వెక్కిళ్ళు పెడుతోంది. ఆమె దాని ముఖంలోకి వంగి చూస్తోంది. పాలు తాగడం అయ్యాక పిల్లను భుజాన వేసుకుని, నాకు చెప్పి, ఆటోల వైపు వెళ్ళిపోయింది.

మేడం అప్పుడు వార్డులో రౌండ్సులో ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒక పేషెంటుకు కుట్లు చూస్తోంది. "చెప్పండి సిస్టర్" అంది తల తిప్పకుండా. అందరి ముందు ఎలా చెప్పను? పక్కకు రమ్మన్నాను. గోడ దగ్గర నిలబడి, ఆ తల్లి అన్న మాటలు ఆమె అన్నట్టే, ఒక్కటీ మార్చకుండా చెప్పాను.

ఆవిడ అంతా వింది. అక్కడ పేషెంటు తాలూకు వాళ్ళు కూర్చునే ఇనుప స్టూలు ఒకటి ఉంటే దాని మీద కూర్చుంది. రౌండ్సు మధ్యలో మేడం కూర్చోవడం నా సర్వీసులో ఆ ఒక్కసారే చూశాను. పీజీ పిల్లలు ఎటు చూడాలో తెలియక కేస్ షీట్లలోకి చూశారు. వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఇంకెవరో పాలు వేడి చేసి తెస్తున్నారు.

కొంచెంసేపటికి ఆవిడ లేచింది. "కుట్లు మంచిగున్నాయి. రేపు ఇంటికి పంపిద్దాం" అని ఆ పేషెంటుకు చెప్పి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళింది.